ఉపాధ్యాయ శ్రేష్ఠులు డాక్టరు విలియం మిల్లరు గారు

శతవత్సర సంచిక అనగానే మన అధ్యక్షుల జీవిత చరిత్రలు, తొలి పాదిరిగార్ల ప్రయాణములు, దేవాలయములు కట్టించిన పెద్దల పేర్లు గుర్తుకు వస్తాయి. అవి ఉండవలసినవే. వాటి నడుమ ఒక పంతులుగారికి కూడ చోటివ్వవలెనని మా కోరిక. మన సంఘములలో బడిపంతుళ్లు మొదటినుండి ఉన్నారు. ఇప్పుడు కళాశాలలలో పాఠము చెప్పే బిడ్డలు కూడ చాలమంది ఉన్నారు. వారు నలుగురు కలిసినప్పుడు మాటలు ఎటు తిరిగినా చివరికి పిహెచ్.డి. పట్టా దగ్గరికి, అచ్చయిన పరిశోధన వ్యాసముల లెక్క దగ్గరికి, ప్రమోషను దగ్గరికి వచ్చి ఆగుతాయి. నియమములు అలాగున్నవి, వారు మాత్రము ఏమి చేయగలరు? అయితే పదవులు, పట్టాలు తీసి పక్కన పెడితే ఒక కళాశాల ఉపాధ్యాయుని దగ్గర ఇంకేమి మిగలవలెనో తెలుసుకోవడానికి మేము మద్రాసు క్రిస్టియన్ కాలేజీ ప్రిన్సిపాలు డాక్టరు విలియం మిల్లరు గారి జీవితమును ఎంచుకొన్నాము.

వారు మన జిల్లాలలో కాపురముండి పనిచేసిన మిషనరీ కారు. కాని ఆ దినములలో మద్రాసే మన తెలుగువారి రాజధాని, మన యూనివర్సిటీ కూడ అక్కడే. ఉత్తర సర్కారులలోని పిల్లవాడు మెట్రిక్కు ప్యాసైనా, బి.ఎ. ప్యాసైనా ఆ యూనివర్సిటీ పరీక్షయే వ్రాయవలెను. పై చదువుకు మద్రాసు వెళ్లిన మనవారిలో ఎందరో మిల్లరు గారి తరగతిలో కూర్చొన్నవారే.

మిల్లరు గారు 1838లో స్కాట్లండు ఉత్తరపు కొసన, కేత్‌నెస్ జిల్లాలోని థర్సో అనే సముద్రతీరపు ఊరిలో జన్మించారు. ఆబర్డీనులోను, ఎడింబరోలోను చదివి, ఫ్రీ చర్చివారి మిషనరీగా 1862 డిసెంబరులో మద్రాసు రేవులో దిగారు. అప్పటికి వారికి ఇరువది నాలుగేండ్లు. అదే సంవత్సరము అక్టోబరు 1వ తేదీన మచిలీపట్టణములో ఒక తెలుగు కుటుంబములో మగబిడ్డ పుట్టినాడు. ఆ బిడ్డ సంగతి ముందుకు వస్తుంది.

మిల్లరు గారికి అప్పగించిన పాఠశాలకు అప్పటికే ఇరువది అయిదేండ్ల చరిత్ర ఉన్నది. ఆ చరిత్ర మన సంఘస్థులు తెలుసుకోదగినది కనుక కొంచెము వివరముగా చెప్తాము. 1837లో జాన్ ఆండర్సను గారనే స్కాచి మిషనరీ మద్రాసు నల్లపట్టణములోని ఆర్మీనియన్ వీధిలో ఆ పాఠశాలను నడిపించడము మొదలుపెట్టారు. మరుసటి సంవత్సరమే పరీక్ష వచ్చింది. ఊరి వెలుపల ఉంచబడిన కులముల పిల్లలు తమ కులము తెలియనీయకుండ బడిలో చేరినారని మిగిలిన పిల్లల తలిదండ్రులకు తెలిసింది. వారిని పంపివేయవలెనని, లేదా వేరే బల్లమీదనైనా కూర్చోబెట్టవలెనని పెద్దలు పట్టుబట్టారు. ఆండర్సను గారు పంపలేదు, వేరే బల్ల వేయలేదు. ఎంతోమంది పిల్లలు బడి మానివేశారు. ఆయన ఖాళీ బల్లల మధ్యనే పాఠము చెప్పారు. మరల 1841లో కొందరు యువకులు బాప్తిస్మము పొందినప్పుడు బడి దాదాపు ఊడ్చిపెట్టుకొని పోయింది. అప్పుడు కూడ ఆయన తగ్గలేదు. 1855లో ఆండర్సను గారు మద్రాసులోనే కన్నుమూశారు. తరువాత పట్టించుకొనే గట్టి మనిషి లేక ఆ బడి నీరసించిపోయింది.

అలాంటి బడి మిల్లరు గారి చేతికి వచ్చింది. 1857లో మద్రాసు యూనివర్సిటీ ఏర్పడిన తరువాత చదువుల తీరు మారిపోయింది. పరీక్షలు, డిగ్రీలు, వాటి వెనుక సర్కారు ఉద్యోగములు వచ్చాయి. మిషను బడులన్నీ ఎవరికి వారు చిన్న చిన్న పై తరగతులు పెట్టుకొని, చాలీచాలని పంతుళ్లతో ఈడ్చుకొంటూ వస్తే ఏ ఒక్కటీ నిలబడదని మిల్లరు గారు త్వరలోనే గ్రహించారు. తన పాఠశాలలో కళాశాల తరగతులు తెరిచి, వాటిని మెల్లగా బి.ఎ. వరకు పెంచారు. అంతటితో ఊరుకోక, వేరు వేరు మిషనులవారు కలిసి ఒక్క పెద్ద కళాశాలను నడపవలెనని ఉత్తరములు వ్రాసి, మనుష్యులను కలిసి, సంవత్సరముల తరబడి ఒప్పించారు. సంఘ కమిటీలలో కూర్చొన్నవారికి ఈ పని ఎంత కష్టమో మేము చెప్పనక్కరలేదు. ఒకే ఊరిలో రెండు గుడుల పెద్దలను ఒక బల్లచుట్టూ కూర్చోబెట్టడమే గగనము. 1877లో ఆ పని నెరవేరింది. ఫ్రీ చర్చివారితో పాటు మన మచిలీపట్టణములో, బెజవాడలో పనిచేస్తున్న చర్చి మిషనరీ సొసైటీవారు, వెస్లియన్ మిషనువారు చేయి కలిపారు. ఏ మిషను పేరూ లేకుండ మద్రాసు క్రిస్టియన్ కాలేజీ అని పేరు పెట్టారు. చూస్తుండగా అది దక్షిణ దేశమందు పెద్ద కళాశాలలలో ఒకటియైనది. దక్షిణ ఇండియా సంఘము 1947లో ఏర్పడింది. దానికి డెబ్బది ఏండ్ల ముందే చదువు విషయములో ఈ ఐక్యత కుదిరిందని మనము గుర్తుంచుకోవచ్చును.

ఇక వారి సొంత జీవితము. మిల్లరు గారు వివాహము చేసుకోలేదు. ఇంటివైపునుండి వచ్చిన ఆస్తిని కళాశాల కట్టడములకు, విద్యార్థుల అవసరములకు ధారపోశారు. వారి సోదరులు అలెగ్జాండరు మిల్లరు గారు కూడ ఆ పనికి ధనసహాయము చేశారు. జీతము పుచ్చుకొని పాఠము చెప్పిన మనిషి, పుచ్చుకొన్నదానికంటె ఎక్కువగా ఆ గోడలకే తిరిగి ఇచ్చివెళ్లినాడు. ఇది ఏ ఉద్యోగ నియమములోనూ లేని పని.

పల్లెలనుండి మద్రాసు వచ్చే పిల్లవాడు ఎక్కడ ఉంటున్నాడు, ఏమి తింటున్నాడు, రాత్రివేళ ఎవరితో తిరుగుతున్నాడు అనేది కూడ ఉపాధ్యాయుని బాధ్యతయేనని మిల్లరు గారు నమ్మినారు. అప్పటివరకు కళాశాల అంటే పొద్దున్న గంట కొట్టి, సాయంత్రము తలుపులు మూసే చోటు. పిల్లలు పూటకూళ్ల ఇండ్లలోనో, దూరపు బంధువుల వసారాలలోనో పడియుండేవారు. 1882 ప్రాంతములో కళాశాలకు చేరువగా వసతిగృహము లేచింది. దానికి తన పేరు పెట్టుకోలేదు. చర్చి మిషనరీ సొసైటీకి చెందిన ఫెన్ గారి పేరు పెట్టారు. మరొకదానికి తాను పుట్టిన కేత్‌నెస్ జిల్లా పేరు వచ్చింది. 1883లో కళాశాల పత్రిక వెలువడింది. చదువు ముగించి వెళ్లిపోయిన పాత విద్యార్థులను మరల మరల కళాశాలకు రప్పించడము, వారితో సంబంధము తెగిపోకుండ చూచుకోవడము వారికి ఎంతో ఇష్టమైన పని. ఈనాడు పాత విద్యార్థుల సంఘము లేని కాలేజీ లేదు. అవి చాలవరకు చందాలకే అక్కరకు వస్తున్నవని మా అభిప్రాయము. మిల్లరు గారికి మాత్రము ఆ మనుష్యులే కావలసి వచ్చారు.

తరగతిలో వారు ఎట్లుండేవారో వారి చిన్న పుస్తకముల ద్వారా ఊహించుకోవచ్చును. షేక్స్‌పియరు నాటకములు పాఠ్యపుస్తకములు. మామూలుగా పంతుళ్లు వాటిలో మాటల అర్థములు, వ్యాకరణము, పరీక్షకు వచ్చే ప్రశ్నలు చెప్పి సరిపెట్టేవారు. మిల్లరు గారు వాటిని జీవితముల పాఠములుగా చెప్పారు. 1900 తరువాత అచ్చయిన వారి ఉపన్యాసములలో మేక్‌బెత్ కథను ఆత్మల నాశనముతోను, ఒథెల్లో కథను శీలము కూలిపోవడముతోను, హామ్లెట్ కథను వ్యర్థమైపోయిన జీవితముతోను ముడిపెట్టారు. లియరు రాజు కథనైతే ఏకముగా భారత రాజకీయములతో జతచేశారు. బాధ్యత దించుకొని గౌరవము మాత్రము ఉంచుకొందామనుకొన్న ఆ ముసలి రాజు కథ, ఏలేవారికీ ఏలబడేవారికీ పనికివస్తుందని ఒక దొర మద్రాసు పిల్లలకు బోధించడము ఆ రోజులలో చిన్న సంగతి కాదు. షేక్స్‌పియరు పండితులు ఈ పుస్తకములను పరిశోధనగా లెక్కలోనికి తీసుకొంటారో లేదో మాకు పట్టలేదు. ఎదుటి బల్లమీద కూర్చొన్న పద్దెనిమిదేండ్ల పిల్లవాడు రేపు మునసబో, వకీలో, తహసీలుదారో అవుతాడని, వాని చేతిలో నలుగురి బ్రదుకులు ఉంటాయని తెలిసిన మనిషి వ్రాసిన పుస్తకములు అవి.

పదవులు వారికి తక్కువ రాలేదు. 1882లో హంటరు గారి అధ్యక్షతన కూర్చొన్న విద్యా కమిషనులో సభ్యులు. మద్రాసు శాసనసభలో కూర్చొన్నారు. సి.ఐ.ఇ. బిరుదు వచ్చింది. డి.డి., ఎల్.ఎల్.డి. వచ్చాయి. 1901లో యూనివర్సిటీకి వైస్ ఛాన్సలరు అయ్యారు. ఇవన్నీ ఒక్క గుక్కలో చెప్పివేసి, అసలు విషయమునకు వస్తాము.

అసలు విషయము ఇది. మిల్లరు గారిని సొంత సంఘమువారే నిలదీశారు. ఇంత డబ్బు, ఇంతమంది మిషనరీలు ఖర్చవుతుండగా ఆ కాలేజీలో బాప్తిస్మము పొందినవారు ఎందరని స్కాట్లండులో చందాలిచ్చే విశ్వాసులు అడుగసాగారు. వారి ప్రశ్నలో న్యాయము ఉన్నది. కాలేజీలో ప్రతిదినము బైబిలు పాఠము జరిగేది. వందలాది హిందూ విద్యార్థులు శ్రద్ధగా విని, మార్కులు తెచ్చుకొని, హిందువులుగానే ఇంటికి వెళ్లేవారు. ఒక విద్యార్థి క్రైస్తవుడు కాబోతున్నాడన్న మాట పుట్టినప్పుడు, 1888లో, విద్యార్థులు తిరగబడి తరగతులు విడిచిపోయారు కూడ. వారే మిల్లరు గారిని తండ్రివలె చూచుకొన్న పిల్లలు.

మరి అదే కాలములో మన తెలుగు దేశములో ఏమి జరుగుతున్నది? క్రిస్టియన్ కాలేజీ పేరు పెట్టిన 1877వ సంవత్సరము కరవు సంవత్సరము. మరుసటి సంవత్సరము 1878 జూలై 3వ తేదీన, ఒంగోలు మిషను ప్రాంతములో క్లౌ దొరగారి సంఘములో ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందినారు. అంతకు ముందే, 1859లో, రాఘవాపురములో పగోలు వెంకయ్య గారు క్రీస్తును అంగీకరించి మన కృష్ణా తీరపు పల్లెలకు దారి చూపారు. వీరెవరూ కాలేజీ చదివినవారు కారు. అక్షరము రానివారు, మాలపల్లెలలో, మాదిగపల్లెలలో పుట్టినవారు. మన తాతలు వారే. వారి పిల్లలకు ఓనమాలు చెప్పే పంతులు దొరకడమే కష్టముగా ఉన్న దినములలో, మద్రాసులో అగ్రకులముల పిల్లలకు షేక్స్‌పియరు చెప్పడానికి సొమ్ము ఎందుకు ఖర్చు చేశారని మనము కూడ అడుగవచ్చును. మా మట్టుకు మేము అడుగుతున్నాము. దేశములోని పై తరగతుల ఆలోచన మారితే మిగిలినవారికి కూడ ఆ వెలుగు పాకుతుందని మిల్లరు గారు తలచారు. పిండిలో పులిసిన ముద్ద పనిచేసినట్లు క్రీస్తు బోధ మెల్లగా సమాజమంతటా పనిచేస్తుందని వారి నమ్మకము. పల్లెలలోని బీదలు ముందుగా లేచి, పైవారికంటె ముందు దేవుని రాజ్యములో ప్రవేశిస్తారన్నది వారి లెక్కలో పెద్దగా ఉన్నట్లు కనబడదు. ఆండర్సను గారు రెండు చిన్న ప్రాణుల కొరకు బడినంతటిని ఖాళీ చేసుకోవడానికి సిద్ధపడ్డారు. మిల్లరు గారి మార్గము వేరు. ఈ రెండింటిలో మొదటిదానికే మా మనస్సు మొగ్గుతున్నదని చెప్పక తప్పదు.

అయినప్పటికీ మిల్లరు గారిని విడిచిపెట్టలేకపోవడానికి కారణము ఉన్నది. ఆ కారణము పేరు రఘుపతి వెంకటరత్నం నాయుడు గారు. 1862 అక్టోబరులో మచిలీపట్టణములో పుట్టిన బిడ్డ ఆయనే. హైదరాబాదులో చదివి, మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చేరి, మిల్లరు గారి శిష్యుడయ్యారు. జీవితాంతము మిల్లరు గారినే గురువుగా ఎంచుకొన్నారు. క్రైస్తవుడు కాలేదు. బ్రహ్మసమాజములో చేరినారు. బాప్తిస్మముల పట్టికను బట్టి చూస్తే మిల్లరు గారికి ఇది మరొక ఓటమి.

నాయుడుగారు చదువు ముగించి ఉపాధ్యాయులే అయ్యారు. 1890ల దశకములో మన మచిలీపట్టణపు నోబుల్ కాలేజీలో పాఠము చెప్పారు. చర్చి మిషనరీ సొసైటీవారి కాలేజీలో ఒక బ్రహ్మసమాజికుడు ఉపాధ్యాయుడుగా ఉండడము, ఆయన ఎదుట పట్టాభి సీతారామయ్య గారు, ముట్నూరి కృష్ణారావు గారు, కోపల్లె హనుమంతరావు గారు కూర్చొని వినడము ఎంత చక్కని దృశ్యమో ఊహించుకోండి! ఆ ముగ్గురిలో ఒకరు కృష్ణాపత్రికను నడిపారు. ఒకరు 1910లో మచిలీపట్టణములో ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించారు. పట్టాభిగారు మద్రాసు వెళ్లి క్రిస్టియన్ కాలేజీలోనే బి.ఎ. పూర్తిచేసి, వైద్యులై, 1923లో ఆంధ్రా బ్యాంకును ప్రారంభించారు. వీరెవరి పేరూ మిషను రిపోర్టుల అంకెలలోనికి ఎక్కదు.

తరువాత నాయుడుగారు సికింద్రాబాదు మహబూబు కాలేజీకి, అక్కడినుండి కాకినాడ పిఠాపురము రాజావారి కాలేజీకి ప్రిన్సిపాలుగా వెళ్లి, 1919 వరకు పనిచేశారు. అక్కడ ఆయన చేసిన పనులు చూడండి. ఆడపిల్లలను మగపిల్లలతో పాటు కళాశాలలో చేర్చుకొన్నారు. అంటరానివారని పేరు పెట్టబడిన బిడ్డలను చదివించి, వారికి వసతి కల్పించారు. పిఠాపురము రాజావారి సహాయముతో అనాథ శరణాలయము నడిచింది. ఆయన మీద రాళ్లు వేయని పెద్దమనిషి అరుదు. యౌవనములోనే భార్య చనిపోగా మరల పెండ్లాడక, తెల్లని వస్త్రములతో, తన సంపాదనను బీద విద్యార్థులకు ఖర్చు చేస్తూ కాలము గడిపారు. గురువుగారు మద్రాసులో ఏ విధముగా జీవించారో శిష్యుడు కాకినాడలో అదే విధముగా జీవించినాడు. మిల్లరు గారి కళాశాల ఎవరిమీద ఎక్కువగా చూపు నిలపలేదో, ఆ బిడ్డల చేయి పట్టుకొన్నది ఆయన శిష్యుడే. ఆ మేలు మన సంఘముల పిల్లలకు కూడ అందింది. స్కాట్లండులో కూర్చొని లెక్కలడిగినవారికి ఈ సంగతి ఎవరు చెప్పగలిగేవారు? అది జరుగడానికి నలుబది ఏండ్లు పట్టింది.

ఇట్లని మా ప్రశ్నకు పూర్తిగా జవాబు దొరికిందనము. పల్లె బడులకు చేరని రూపాయలు చేరకుండనే పోయాయి.

1896లో ఫ్రీ చర్చివారు, ఏ సంఘములో ఆయన పనిని ప్రశ్నించారో ఆ సంఘమువారే, మిల్లరు గారిని తమ మహాసభకు మాడరేటరుగా ఎన్నుకొన్నారు. సభ ముగించుకొని ఆయన మరల మద్రాసు తరగతులకే వచ్చారు. 1901లో పాత విద్యార్థులు చందాలు వేసుకొని, కళాశాల ఎదుట ఎస్ప్లనేడులో ఆయన నిలువెత్తు విగ్రహము నిలబెట్టారు. ఆ చందాలిచ్చినవారు చాలవరకు హిందువులు. బ్రదికియున్న మనిషి రోజూ తన విగ్రహము ముందునుండి పాఠము చెప్పడానికి వెళ్లడము కొంత ఇబ్బందిగానే ఉండియుంటుంది. ఊళ్లలో గవర్నర్ల విగ్రహములు, రాణిగారి విగ్రహములు లేచే దినములలో ఒక పంతులుగారికి విగ్రహము లేచింది.

1907లో మిల్లరు గారు మద్రాసు విడిచి స్వదేశము వెళ్లారు. ఆ సమయమున కళాశాలలో తత్త్వశాస్త్రము చదువుకొంటున్న విద్యార్థులలో తిరుత్తణినుండి వచ్చిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు ఒకరు. ఆయనకు నేరుగా పాఠము చెప్పినవారు స్కిన్నరు గారు, హాగ్ గారు. మిషనరీలు హిందూమతము మీద చేసిన విమర్శయే తనను తన మతమును లోతుగా చదివేటట్లు చేసిందని రాధాకృష్ణన్ గారు తరువాత తెలియజేశారు. సెప్టెంబరు 5వ తేదీన మన బడులలో ఉపాధ్యాయ దినము జరిపేటప్పుడు ఆ కళాశాలను, దానిని నిలబెట్టిన మనిషిని తలచుకొనేవారు తక్కువ.

మిల్లరు గారు 1923 జూలైలో ఎడింబరోలో చనిపోయారు. కళాశాల ఎస్ప్లనేడు విడిచి 1937లో తాంబరమునకు మారింది. నాయుడుగారికి 1924లో సర్ బిరుదు వచ్చింది. 1925లో, గురువుగారు గతించిన రెండేండ్లకు, వారు ఒకప్పుడు కూర్చొన్న మద్రాసు యూనివర్సిటీ వైస్ ఛాన్సలరు ఆసనములో మచిలీపట్టణపు శిష్యుడు కూర్చొన్నారు.